తాళం పడిన ఇల్లు ఎందుకు కూలుతుంది

మనుషులు కాపురమున్నంత కాలం మూడు తరాల పాటు నిలిచిన పెంకుటిల్లు, తాళం పడిన పది పదిహేనేళ్లకే దూలాలు విరిగి, గోడలు కుంగి, పెరడంతా ముళ్లకంపతో నిండి, పక్కనుంచి నడవడానికి కూడా ఊరివాళ్లు వెనకాడే స్థితికి చేరడం తెలుగు గ్రామాల్లో తరచుగా కనిపిస్తుంది. వయసు మీదపడటం వల్లనే ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అదే వీధిలో ఇంచుమించు అదే కాలంలో, అదే రకం మట్టితో, కలపతో కట్టిన మరో ఇల్లు కాపురం సాగుతున్నందువల్ల చెక్కుచెదరకుండా నిలబడి ఉండటం చూసినప్పుడు ఆ మాట నిలవదు. ఇల్లు పాడుబడటం వెనుక రెండు ప్రక్రియలు కలిసి పనిచేస్తాయి. ఇంటి విషయంలో నిర్ణయం తీసుకునే మనిషి లేకుండా పోవడం మొదటిది, అలా దిక్కులేనిదైన కప్పులోకీ గోడల్లోకీ నీరు దారి చేసుకోవడం రెండోది. మొదటిది కుటుంబానికీ చట్టానికీ సంబంధించినదైతే, రెండోది పూర్తిగా భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల పరిధిలోకి వస్తుంది. ఈ రెండింటినీ విడివిడిగా చూసినంత కాలం ఇళ్లు ఎందుకు శిథిలమవుతున్నాయో సరిగా అర్థం కాదు.

2011 జనగణన ప్రకారం దేశంలో ఉన్న 33 కోట్లకు పైగా గృహాల్లో దాదాపు 2 కోట్ల 47 లక్షలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో 1 కోటి 11 లక్షల వరకు పట్టణాల్లోనూ, మిగిలినవి గ్రామాల్లోనూ ఉన్నాయి. జనగణన లెక్కలో గృహం అంటే నివాసం మాత్రమే కాదు, దుకాణం, బడి, గిడ్డంగి కూడా అందులో చేరతాయి. పైగా ఖాళీగా ఉన్న ప్రతి ఇల్లూ పాడుబడ్డ ఇల్లు కాదు. పట్టణాల్లో కొత్తగా కట్టి, ధర పెరుగుతుందన్న ఆశతో తాళం వేసి ఉంచిన అపార్టుమెంట్లు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. అద్దె రాబడి తక్కువగా ఉండటం, ఒప్పందాలు అమలయ్యే తీరు బలహీనంగా ఉండటం ఇళ్లు ఖాళీగా ఉండటానికి కారణాలు కావచ్చని 2017-18 కేంద్ర ఆర్థిక సర్వే కూడా పేర్కొంది. ఆ ఇళ్లకు కనీసం యజమాని ఎవరో స్పష్టంగా తెలుసు, గ్రామంలో తాళం పడిన ఉమ్మడి ఇంటికి ఆ స్పష్టత కూడా ఉండదు కాబట్టి ఇక్కడ ప్రధానంగా దాని గురించే చెప్పుకోవాలి.

కాపురమున్న ఇంట్లో రోజూ జరిగే పనుల్లో ఇంటిని కాపాడటం కోసమని ప్రత్యేకంగా చేసేవి చాలా తక్కువే అయినా, వాటిలో చాలా భాగం ఇంటిని కాపాడుతూనే ఉంటాయి. తెల్లవారగానే తలుపులు, కిటికీలు తెరవడం వల్ల లోపలి తేమ బయటికి పోతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగలిగిన నీటి ఆవిరిలో ఎంత శాతం నిజంగా ఉందన్న కొలత, చాలా రోజుల పాటు 80 శాతానికి పైబడి ఉంటే గోడల మీదా కలప మీదా బూజు పెరగడం మొదలవుతుంది. వానాకాలంలో కోస్తా జిల్లాల్లో మూసి ఉంచిన గదికి ఆ పరిమితి దాటడం కష్టమేమీ కాదు. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో దాని వేడి, పొగ వాసాలను పొడిగా ఉంచి, పురుగును కొంతవరకు దూరం పెట్టేవి. సంక్రాంతి ముందు గోడలకు కొట్టే సున్నం తీవ్రమైన క్షారగుణం కలది కాబట్టి, పండుగ అందంతో పాటు ఏటా ఒకసారి బూజును చంపే మందుగా కూడా పనిచేసేది. వాకిలి ఊడ్చేటప్పుడు గోడ మొదట్లో చెద పెట్టిన మట్టి చార కంటబడితే అక్కడికక్కడే చెరిపేసేవారు. అటక మీద నుంచి ఆవకాయ జాడీ దించేటప్పుడు కప్పులో వెలుతురు చుక్క కనిపిస్తే పెంకు జరిగిందని తెలిసిపోయేది. ఇంటికి జరిగే మరమ్మతుల్లో చాలా భాగం ఇలా ఎవరో ఒకరి కంట పడటంతోనే మొదలవుతాయి, ఆ కన్ను లేనప్పుడు చేతిలో డబ్బున్నా ఉపయోగం ఉండదు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లోని మండువా ఇంటిని తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, దాని చుట్టూ నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు, ఆ వాలుల మీద నుంచి పడిన వాన నీరు మండువాలో చేరి తూము గుండా బయటికి పోయే ఏర్పాటు ఇలాంటి ఇళ్లకు ప్రాణం. వెలుతురునూ గాలినీ ఇంటి నడిబొడ్డుకు తెచ్చే ఈ నిర్మాణం వాన నీటిని కూడా ఇంటి నడిబొడ్డుకే తెస్తుంది కాబట్టి, నీరు పోయే దారి నిరంతరం తెరిచి ఉండాలన్న షరతు మీదనే అది నిలుస్తుంది. రెండు వాలులు కలిసే మూలల్లో రెండు వైపుల నీరూ ఒకే దోనెలోకి దిగుతుంది. కప్పు మొత్తంలో అత్యధికంగా నీరు పారేదీ, ఎండుటాకులు పేరుకుపోయేదీ అక్కడే. ఆ దోనెలో వేపాకు పేరుకుని నీరు నిలిస్తే, అది పెంకుల కింది నుంచి వెనక్కి ఎక్కి రీపర్ల మీదికి జారుతుంది. కోతి దూకినా, కొబ్బరి మట్ట పడినా, గాలివాన వీచినా ఒక పెంకు పక్కకు జరుగుతుంది. మనుషులున్న ఇంట్లో అయితే ఆ రాత్రే చుక్కలు పడే చోట గిన్నె పెట్టి, తెల్లారాక పనివాణ్ని పిలిచి పెంకు సర్దిస్తారు, ఆ పనికయ్యేది ఒక పూట కూలి మాత్రమే.

ఖాళీ ఇంట్లో ఆ ఒక్క పెంకు సందు గుండా పడే నీరు మొదట రీపరును, తరువాత వాసాన్ని, చివరికి దూలం గోడ మీద ఆనే కొసను తడుపుతుంది. ఆ కొస గోడలో పూడుకుని ఉంటుంది, గాలి తగలదు, ఒకసారి తడిస్తే నెలల తరబడి ఆరదు. కలపలో తేమ దాని పొడి బరువులో 20 శాతం లోపు ఉన్నంత కాలం కుళ్లబెట్టే శిలీంధ్రాలు పెరగలేవు. తేమ 30 శాతానికి చేరువైతే అవి బాగా విస్తరిస్తాయి. ఈ శిలీంధ్రాలు కలపకు బలాన్నిచ్చే సెల్యులోజును, కొన్ని రకాలైతే ఆ సెల్యులోజు పోగులను బిగించి ఉంచే లిగ్నిన్‌ను కూడా ఎంజైముల సాయంతో విడగొట్టి ఆహారంగా తీసుకుంటాయి. పైకి దూలం రూపం చెడకుండానే ఉంటుంది, వేలితో నొక్కితే మాత్రం పొడి రాలుతుంది. దూలం నడుమ భాగం గట్టిగా ఉన్నా గోడలోని కొస కుళ్లితే చాలు, కప్పు బరువు మొత్తం జారి ఒక్క వాన రాత్రిలో కిందికి దిగుతుంది. మొదటి పెంకు జరగడానికీ, కప్పు కూలడానికీ మధ్య ఎన్నో ఏళ్లు గడుస్తాయి కాబట్టి, కూలిన రోజున మాత్రమే ఊరికి వార్తయ్యే ఈ ప్రమాదం నిజానికి చాలా నిదానంగా జరిగినదే.

తడిసిన కలప చెదలకు ఆహ్వానం. మన ప్రాంతంలో ఇళ్లను ఎక్కువగా నాశనం చేసే చెదలు నేలలో పుట్ట పెట్టి, అక్కడి నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ గోడ వెంట పైకి పాకుతాయి. వాటి శరీరం మెత్తనిది, పొడిగాలి తగిలితే తట్టుకోలేదు, కాబట్టి ఆ గొట్టం లోపలి తేమే వాటికి రక్ష. వీటిలో ఒడాంటోటెర్మిస్ అనే ప్రజాతికి చెందినవి తాము కొరికి తెచ్చిన కలపను నేరుగా జీర్ణించుకోలేక, పుట్టలోని గదుల్లో ఒక రకం శిలీంధ్రాన్ని సేద్యం చేసి, ఆ శిలీంధ్రం మెత్తబరిచిన పదార్థాన్ని తింటాయి. తొలకరి తరువాత పుట్టల మీద మొలిచే, ఊళ్లలో ఇష్టంగా వండుకునే కొన్ని పుట్టగొడుగులు ఆ సేద్యపు పంటే. అదే తొలకరి సాయంత్రాల్లో దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు కొత్త పుట్ట పెట్టడానికి బయలుదేరిన ఆడ, మగ చెదలు. టేకు చేవలో ఉండే కొన్ని క్వినోను పదార్థాలు చెదను దూరం పెడతాయి గానీ, చేవ చుట్టూ ఉండే లేత కలపకు ఆ రక్షణ లేదు. తాటి దూలంలో గట్టిదనమంతా మాను వెలుపలి భాగంలో దట్టంగా ఉండే నార కట్టల వల్ల వస్తుంది, లోపలి మెత్తని భాగాన్ని సరిగా తొలగించని దూలాన్ని చెద ముందుగా పట్టుకుంటుంది. అందుకే ఒకే ఇంట్లో కొన్ని దూలాలు నూరేళ్లు నిలిచి, వాటి పక్కవి అంతకు చాలా ముందే గుల్లబారతాయి.

కప్పు పోయాక గోడ ఎంతో కాలం నిలవదు. మట్టి గోడకు ఉన్న బలం బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండటం వల్ల వస్తుంది, నీరు చేరితే ఆ బంధం సడలుతుంది. చూరు నుంచి పడే నీరు నేలను తాకి ఎగజిమ్మే చోట, అంటే గోడ మొదట్లో అర అడుగు నుంచి అడుగున్నర ఎత్తు వరకు, కోత ముందుగా కనిపిస్తుంది. బరువంతా మోసే భాగం అదే. ఇటుక గోడలో మరో రకం నష్టం జరుగుతుంది. ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా నేలలోని నీరు పైకి పాకడాన్ని కేశనాళికీయత అంటారు. అలా పాకిన నీరు ఒక మీటరు ఎత్తు వరకూ వెళ్లి, తనతో మోసుకొచ్చిన లవణాలను గోడ ఉపరితలం దగ్గర వదిలి ఆవిరైపోతుంది. గోడకు ఉప్పు పట్టిందని మేస్త్రీలు అనేది దీన్నే. వీటిలో సోడియం సల్ఫేటు ప్రత్యేకంగా ప్రమాదకరమైనది. పొడి స్థితి నుంచి తడి తగిలినప్పుడు ఒక్కో అణువూ పది నీటి అణువులను తనలో చేర్చుకుని స్ఫటికమవుతుంది, దాని ఘనపరిమాణం దాదాపు నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడికి ఇటుక పొర పొరలుగా రాలుతుంది. ఏడాదికి ఎన్నిసార్లు గోడ తడిసి ఆరితే అన్నిసార్లు ఈ ఒత్తిడి తిరిగి వస్తుంది.

పాత ఇంటిని బాగు చేస్తున్నామన్న ఉద్దేశంతో చేసే ఒక పొరపాటును ఇక్కడ గట్టిగా చెప్పాల్సి ఉంది. సున్నపు గచ్చు మీదా మట్టి గోడ మీదా సిమెంటు పూత వేస్తే ఇల్లు బలపడుతుందని నమ్మకం ఉంది. సున్నపు పూతకు సన్నని రంధ్రాలు ఉంటాయి, గోడలోకి చేరిన తేమ వాటి గుండా బయటికి ఆవిరైపోతుంది. సిమెంటు పూత ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. నేల నుంచి ఎక్కిన తేమ బయటికి రాలేక లోపలే నిలిచి, మరింత పైకి పాకి, చివరికి దూలం కొసలను చేరుతుంది. సిమెంటు పెచ్చు ఊడినప్పుడు దానితోపాటు వెనుకనున్న మట్టి కూడా ఊడి వస్తుంది. ఇంటి మీద ప్రేమతోనే చేసినా, ఇది ఇంటి ఆయుష్షును తగ్గించే పని.

రాయలసీమలోని మట్టి మిద్దెలు ఇంతకన్నా సున్నితమైనవి. కొయ్య దూలాల మీద అడ్డంగా దంతెలు పరిచి, వాటి మీద బండలో కట్టెలో కప్పి, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు మట్టి పోసి దట్టించిన సమతలపు కప్పు వాన నీటిని ఎలా ఆపగలదన్నది చూడగానే అంతుచిక్కని విషయం. పైరు పండనివ్వని చౌడులో సోడియం ఎక్కువగా ఉంటుంది. సోడియం చేరిన బంకమట్టి రేణువులు నీటిలో ఒకదాన్నొకటి వికర్షించుకుని విడివిడిగా చెదిరి, నేలలోని సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని వాటిని పూడ్చేస్తాయి. పొలంలో నీరు ఇంకనివ్వకుండా రైతును ఏడిపించే గుణమే మిద్దె మీద నీరు దిగనివ్వకుండా కాపాడుతుంది. రసాయన శాస్త్రం చదవని పూర్వులు ఎన్నో తరాల పరిశీలనతో ఈ గుణాన్ని పట్టుకుని వాడుకోవడం నిజంగా గొప్ప విషయం. అయితే వానకు చౌడు పొర కొంత కొట్టుకుపోతుంది, ఎండకు బీటలు వారుతుంది, అందువల్ల వానలకు ముందు కొత్త చౌడు పోసి, గడ్డి పీకి, బీటలు పూడ్చాలి. రెండు మూడేళ్లు ఆ పని జరగకపోతే బీటల గుండా దిగిన నీటితో మట్టి కప్పు బరువు విపరీతంగా పెరుగుతుంది, అదే సమయంలో దూలాలు బలహీనపడతాయి. ముసురు పట్టిన రోజుల్లో పాత మిద్దె కూలి మనుషులు చనిపోయారన్న వార్తలు సీమ జిల్లాల నుంచి రావడానికి కారణం ఇదే.

మొక్కల సంగతి వేరుగా చెప్పుకోవాలి. రావి, మర్రి, జువ్వి పండ్లు తిన్న పక్షులు కప్పు మీదా గోడ బీటల్లోనూ రెట్ట వేస్తే, అందులోని గింజలు చిటికెడు మట్టి, కాస్త తడి ఉన్నా మొలకెత్తుతాయి. ఈ జాతి చెట్లు మరో చెట్టు కొమ్మ మీద కూడా మొలిచి బతకగలిగేలా పరిణామం చెందినవి కాబట్టి, వాటికి సున్నపు గోడ బీట పరాయి చోటు కాదు. మొదటి ఏడాది రెండు వేళ్లతో పీకేయగల మొక్క, అయిదేళ్లకు వేరు లావెక్కి గోడను రెండుగా చీలుస్తుంది. అప్పుడు దాన్ని నరికినా వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా లాగితే గోడే ఊడి వస్తుంది. రావి చెట్టును కొట్టడానికి చాలామంది సంకోచించడం కూడా దానికి కలిసివస్తుంది.

కాంక్రీటు డాబాకు ఈ బాధలేవీ ఉండవన్న భావన సరైనది కాదు. కాంక్రీటులో ఉన్న తీవ్రమైన క్షారగుణం లోపలి ఇనుప చువ్వల మీద సన్నని రక్షణ పొరను ఏర్పరచి తుప్పును ఆపుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి చొచ్చుకుపోయి సున్నాన్ని కాల్షియం కార్బొనేటుగా మార్చుతూ ఆ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. సున్నపు గచ్చును రాయిలా గట్టిపరిచేదీ, కాంక్రీటులోని ఇనుముకు రక్షణ లేకుండా చేసేదీ ఒకే రసాయన చర్య కావడం గమనించదగ్గది. రక్షణ పోయిన చువ్వకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్లాబు అడుగున పెచ్చులు ఊడతాయి. డాబా మీద నీరు పోయే గొట్టం ఆకులతో మూసుకుపోయి వానాకాలమంతా నీరు నిలిచిన ఇంట్లో ఇది మరింత త్వరగా జరుగుతుంది. సముద్రతీరంలో గాలి మోసుకొచ్చే క్లోరైడు లవణాలు ఆ వేగాన్ని ఇంకా పెంచుతాయి. 1990ల తరువాత గ్రామాల్లో పెంకుటిళ్లు తీసేసి కట్టిన డాబాల్లో చాలావాటికి ఇప్పుడు ఇదే దశ వస్తోంది.

ఇంత నష్టాన్నీ ఏటా ఒకసారి పెంకులు సర్దించి, తూములు శుభ్రం చేయిస్తే చాలావరకు ఆపవచ్చు. అంత చిన్న పని ఎందుకు జరగడం లేదన్నదే అసలు ప్రశ్న. మనుషులు ఊరు వదలడానికి కారణాలు అందరికీ తెలిసినవే. పాలమూరు నుంచి ముంబై వైపు, అనంతపురం నుంచి బెంగుళూరు వైపు, ఉత్తరాంధ్ర నుంచి విశాఖపట్నం, హైదరాబాద్‌ల వైపు కూలి కోసం సాగిన వలస ఒకటి. డెల్టా జిల్లాల నుంచి చదువుల కోసం మొదలై అమెరికా వరకు చేరిన వలస మరొకటి. వెళ్లినవారు తిరిగి రాకపోయినా, తల్లిదండ్రులు బతికున్నంత కాలం ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది. వారు కాలం చేసిన రోజు నుంచే ఇంటి లెక్క మారుతుంది.

తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఇల్లు వారసులందరికీ ఉమ్మడిగా సంక్రమిస్తుంది. నలుగురు పిల్లల్లోనూ, వారి పిల్లల్లోనూ ఒక్కొక్కరికీ నలుగురేసి సంతానం ఉంటే, పంపకం జరగని ఇంటికి రెండో తరంలో 16 మంది, మూడో తరంలో 64 మంది వాటాదారులవుతారు. ఆంధ్రప్రదేశ్ 1985లోనే హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, అప్పటికి పెళ్లి కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పించింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కుమార్తెలందరికీ వర్తింపజేసింది. ఆడపిల్లలకు వాటా ఇవ్వాల్సి రావడం వల్లనే ఇళ్లు పాడవుతున్నాయని అక్కడక్కడా వినిపించే మాట అన్యాయమైనది. చట్టం వాటా ఎవరెవరిదో చెప్పింది, ఆ వాటాను లెక్కగట్టి ఇచ్చి విషయాన్ని తేల్చుకోకుండా ఏళ్ల తరబడి నానబెట్టింది మాత్రం కుటుంబాలే.

అమెరికా న్యాయశాస్త్ర పండితుడు మైఖేల్ హెల్లర్ 1998లో ప్రచురించిన వ్యాసం ఈ చిక్కుముడిని అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. సోవియట్ వ్యవస్థ కూలిన తరువాత మాస్కోలో దుకాణాలు ఖాళీగా పడి ఉండగా, వాటి ముందు కాలిబాట మీద చిన్న బడ్డీలు సరుకులతో కళకళలాడటాన్ని ఆయన పరిశీలించాడు. దుకాణాన్ని అమ్మే హక్కు ఒకరికి, అద్దెకిచ్చే హక్కు మరొకరికి, రాబడి పొందే హక్కు ఇంకొకరికి ఉండటం వల్ల ఎవరైనా కాదనగలిగేవారే గానీ, ఔనని పని జరిపించగలిగేవారు లేకపోయారు. యజమానే లేని పచ్చికబయలును అందరూ వాడుకుని నాశనం చేయడం ఆర్థికశాస్త్రంలో ప్రసిద్ధమైన సమస్య. అడ్డుపెట్టే హక్కు చాలామందికి ఉండటం వల్ల ఒక ఆస్తి ఎవరూ వాడుకోకుండా పాడైపోవడం దానికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య అని హెల్లర్ చూపించాడు. తెలుగు పల్లెలోని ఉమ్మడి ఇల్లు ఈ రెండో కోవకు చెందినది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు పెంకులు సర్దించడానికి సొంత డబ్బు పెడితే, రేపు ఇల్లంతా తనదేనంటాడేమోనని అన్న అనుమానిస్తాడు. పెట్టిన డబ్బు పంపకంలో లెక్కకు వస్తుందో రాదోనని తమ్ముడే వెనకాడతాడు. డాలస్‌లో ఉన్న చెల్లెలు సంతకం పెట్టడానికి వచ్చే వేసవి వరకు వీలుపడదు. ఎవరిలోనూ దురుద్దేశం లేకపోయినా వానాకాలం వచ్చి వెళ్లిపోతుంది.

కాగితాల లోపం దీనికి తోడవుతుంది. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంగా రెవెన్యూ లెక్కల్లో విడిగా చూపిన భూమిలో ఉన్న ఇళ్లలో చాలావాటికి తరతరాల అనుభవమే తప్ప రిజిస్టరు పత్రం లేదు. పత్రం లేని ఇంటి మీద బ్యాంకు అప్పు ఇవ్వదు, కొనేవారు ధైర్యం చేయరు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో నివాస స్థలాలను కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం మొదలైంది. అయితే కార్డు వచ్చాక కూడా దాని మీద ఎవరి పేరు ఉండాలన్నది కుటుంబం తేల్చుకోవాల్సిందే.

పాడుబడ్డ ఇంటికి దయ్యం కథ అంటుకోవడం కూడా ఈ వరుసలోనే జరుగుతుంది. రాత్రిపూట ఆ ఇంట్లో వినిపించే చప్పుళ్లకు గుడ్లగూబలు, గబ్బిలాలు, పగటి వేడి తగ్గి కుంచించుకుపోయే కలప చాలినంత కారణం. వాస్తు బాగాలేకనే ఇల్లు ఖాళీ అయిందన్న మాట కూడా ఇల్లు ఖాళీ అయ్యాకే పుడుతుంది. ఈ మాటలు నమ్మదగినవి కాకపోయినా వాటి ఫలితం మాత్రం నిజమైనదే. కొనడానికి వచ్చినవారు వెనక్కి పోతారు, అద్దెకు దిగేవారు దొరకరు.

వాటాదారులు ఎక్కువై ఇళ్లు పాడుబడటానికి తమిళనాడులోని చెట్టినాడు పెద్ద ఎత్తున కనిపించే ఉదాహరణ. బర్మాలో వడ్డీ వ్యాపారంతో సంపాదించిన ధనంతో, బర్మా టేకుతో కట్టుకున్న విశాలమైన ఇళ్లు అక్కడి ఊళ్లలో వేలల్లో ఉన్నాయి. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించడంతోనూ, 1948 తరువాత అక్కడి భూముల జాతీయీకరణతోనూ ఆ సంపద మూలమే తెగిపోయింది. ఒక్కో ఇంటికి వంశంలోని మగ సంతానమంతా వాటాదారులు కావడంతో కొన్ని ఇళ్లకు హక్కుదారులు పదుల సంఖ్యలో ఉన్నారు. పెళ్లికో పండుగకో తెరిచి మళ్లీ తాళం వేసే ఇళ్లు కొన్ని, స్తంభాలూ తలుపులూ ఊడదీసి కారైకుడి పాత సామాను దుకాణాలకు అమ్మేసిన ఇళ్లు కొన్ని. కోనసీమ మండువా ఇళ్ల స్తంభాలూ చెక్కడపు ద్వారబంధాలూ నగరాల్లోని హోటళ్లకూ ఫామ్‌హౌసులకూ అలంకారంగా తరలిపోవడంలో అదే కథ చిన్న స్థాయిలో జరుగుతోంది.

జపాన్‌లో పరిస్థితి వేరు కారణంతో ఇదే చోటికి చేరింది. 2023 గృహ సర్వేలో అక్కడ దాదాపు 90 లక్షల ఇళ్లు, మొత్తంలో 13.8 శాతం, ఖాళీగా ఉన్నట్లు తేలింది. జనాభా తగ్గడం అసలు కారణమైనా, పన్ను విధానం దాన్ని మరింత పెంచింది. ఇల్లు నిలబడి ఉన్న చిన్న స్థలానికి ఆస్తి పన్ను ఆరోవంతు విలువ మీదనే లెక్కిస్తారు, ఇల్లు పడగొడితే ఆ రాయితీ పోతుంది. కాబట్టి పాత ఇంటిని పడగొట్టకుండా, బాగు చేయకుండా వదిలేయడమే వారసుడికి లాభసాటి అయింది. 2014లో చేసిన ప్రత్యేక చట్టం ప్రమాదకరమైన ఖాళీ ఇళ్లకు ఆ రాయితీని తొలగించే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి వారసత్వంగా వచ్చిన స్థిరాస్తిని మూడేళ్లలోగా తమ పేరున నమోదు చేసుకోవడం తప్పనిసరి చేశారు. తెలుగువారు ఈ అనుభవాన్ని దూరదేశపు వింతగా చూడకూడదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనాభా స్థిరంగా ఉండటానికి 2.1 కావాలి. ఒకే బిడ్డ ఉన్న దంపతుల రెండు వైపుల ఇళ్లూ రేపు విదేశంలో ఉన్న ఒక్క వారసుడికే చేరతాయి. వాటాదారులు ఎక్కువై నిలిచిపోయిన ఇళ్ల సరసన, వారసుడు ఒక్కడే అయినా చేరుకోలేని ఇళ్లు పెరగడం ఇక ఎంతో దూరంలో లేదు.

చట్టంలో దారి లేకపోలేదు. 1893 నాటి పంపకాల చట్టం ప్రకారం, విడదీసి పంచితే ఉపయోగం లేని ఆస్తి విషయంలో సగం లేదా అంతకు మించిన వాటా ఉన్నవారు కోరితే, దాన్ని అమ్మి సొమ్మును పంచమని న్యాయస్థానం ఆదేశించవచ్చు. కుటుంబ నివాసంలో ఒకరి వాటాను బయటివారు కొని పంపకం కోరితే, ఆ వాటాను తగిన ధరకు తిరిగి కొనుక్కునే అవకాశాన్ని కూడా అదే చట్టం మిగిలినవారికి ఇచ్చింది. కానీ దావా ఏళ్ల తరబడి నడిచేలోపు కప్పు దిగిపోతుంది కాబట్టి, న్యాయస్థానం కన్నా ముందు కుటుంబమే కూర్చుని తేల్చుకోవడం ఇంటికి మేలు. పెద్దవారు బతికి ఉండగానే ఇల్లు ఎవరికి చెందాలో, మిగిలినవారికి దానికి బదులుగా ఏమి ఇవ్వాలో వీలునామాలో రాసి రిజిస్టరు చేయించడం, అది కుదరని ఇంట్లో వాటాదారులంతా కలిసి ఒకరికి నిర్వహణ బాధ్యత అప్పగించి, పెట్టిన ఖర్చు పంపకంలో మినహాయించుకోవచ్చని కాగితం మీద సంతకాలు చేయడం పెద్ద కష్టమైన పనులు కావు. ఇల్లు ఎవరికీ అక్కర్లేదని తేలితే, నిలిచి ఉండగానే బడికో గ్రంథాలయానికో ఇవ్వడమో, కాపురం చేసుకునేవారికి అమ్మడమో మేలు, ఎందుకంటే కూలిన ఇంట్లో నిలిచిన నీరు డెంగీ దోమకు, రాళ్ల సందులు పాములకు నెలవై పక్కింటి పిల్లల ప్రాణాల మీదికి తెస్తాయి.

తాళం పడిన ఇల్లు ఊరిలో ఉన్న ప్రతి కుటుంబమూ కనీసం ఈ ఒక్క పని చేయాలి: ఏటా రోహిణి కార్తె ముగిసేలోపు ఊళ్లో నమ్మకమైన మనిషికి తాళం చెవి పంపి, తలుపులు తెరిపించి, పెంకులు సర్దించి, దోనెలూ తూములూ తీయించి, బీటల్లో మొలిచిన రావి మొక్కలు పీకించాలి; ఆ కూలి డబ్బు ఎవరు పెట్టాలన్నది వానలు తగ్గాక తేల్చుకోవచ్చు.